లక్షన్నర దాటిన డీజిల్ కారు: టైమింగ్ చైన్, బెల్ట్ ఇప్పుడే మార్చాలా, ఇంకొంతకాలం ఆగొచ్చా?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొద్దున ఆరింటికి కారు స్టార్ట్ చేస్తే మొదటి మూడు నాలుగు సెకన్లు డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు గలగలమనేది. ఆ తర్వాత మామూలే. మధ్యాహ్నం ఆఫీసు నుంచి తీస్తే ఆ శబ్దం వచ్చేది కాదు. 2013 మోడల్ డీజిల్ సెడాన్, మీటరు మీద 1,86,000 కిలోమీటర్లు. ఒక గ్యారేజీలో "పాత డీజిల్ కదా సార్, అలాగే ఉంటుంది" అన్నారు. రెండో చోట చైన్ కిట్ మొత్తం మార్చాలన్నారు. మూడో చోట చైన్‌ని బిగించి పట్టే టెన్షనర్ ఒక్కటి చాలన్నారు. మా బావ అయితే అమ్మేయమన్నాడు.

నాలుగు నోళ్లు, నాలుగు మాటలు. నెల రోజులు టెన్షన్ పడి, అడిగి, ఇంజన్ విప్పించి చూశాక ఇందులో లెక్క ఎలా వేసుకోవాలో నాకు తెలిసొచ్చింది. ఇప్పుడు మీరు అదే స్థితిలో ఉంటే, ఏ గ్యారేజీకీ మాట ఇవ్వకముందే ఇది చదవండి.

## ముందు ఏవి చూసుకోవాలి

చైన్ ఉందా, బెల్ట్ ఉందా. మిగతా నిర్ణయమంతా దీని మీదే ఆధారపడుతుంది. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కట్టి ఉంచేది ఇనుప చైన్ గానీ, పళ్లున్న రబ్బరు బెల్ట్ గానీ. డీజిల్ ఇంజన్లలో కంప్రెషన్ 16 నుంచి 18 రెట్ల దాకా ఉంటుంది కాబట్టి పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికీ వాల్వుకీ మధ్య జాగా దాదాపు ఉండదు. చైన్ రెండు మూడు పళ్లు జారినా, బెల్ట్ తెగినా, తెరిచి ఉన్న వాల్వుల మీదికి పిస్టన్ వచ్చి కొడుతుంది. వాల్వులు వంగుతాయి, వాటిని నొక్కే రాకర్లు విరుగుతాయి, ఒక్కోసారి క్యామ్ షాఫ్టే ముక్కలవుతుంది.

మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే డీజిల్ కార్లలో ఏది ఎందులో ఉందో ఇదిగో:

| కారు | ఇంజన్ | టైమింగ్ |
|---|---|---|
| స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, పాత ఎర్టిగా | 1.3 డీడీఐఎస్ | చైన్ |
| ఇండికా విస్టా, మాంజా, జెస్ట్, బోల్ట్ | 1.3 క్వాడ్రాజెట్ | చైన్ |
| హోండా అమేజ్, సిటీ | 1.5 ఐ-డీటెక్ | చైన్ |
| ఐ20, వెర్నా, మొదటి తరం క్రెటా | 1.4, 1.6 సీఆర్‌డీఐ | చైన్ |
| ఎటియోస్, లివా | 1.4 డీ-4డీ | చైన్ |
| పాత ఇన్నోవా | 2.5 డీ-4డీ | బెల్ట్ |
| పోలో, వెంటో, రాపిడ్ | 1.2, 1.5, 1.6 టీడీఐ | బెల్ట్ |
| డస్టర్, టెర్రానో, సన్నీ | 1.5 డీసీఐ | బెల్ట్ |
| ఫిగో, ఫియెస్టా, ఎకోస్పోర్ట్ | 1.4, 1.5 టీడీసీఐ | బెల్ట్ |

కారు పేరు ఒక్కటే చూసి నమ్మకండి. ఇన్నోవా క్రిస్టా 2.4 ఇంజన్‌లో చైన్ ఉంది, దాని ముందు తరంలో బెల్ట్. విస్టాలో 1.3తో పాటు టాటా సొంత 1.4 డీజిల్ కూడా వచ్చింది, అందులో బెల్ట్. ఆర్‌సీలో సీసీ ఎంతుందో చూసి, కారుతో వచ్చిన మాన్యువల్ తీసి సరిచూసుకోండి.

కిలోమీటర్లు కాదు, గంటలు. ఇది మన ఊరికి ప్రత్యేకంగా వర్తించే విషయం. సిల్క్ బోర్డు దగ్గరో, కేఆర్ పురం వేలాడే వంతెన దగ్గరో అరగంట నిలబడితే మీటరు మీద ఒక కిలోమీటరు కూడా పెరగదు. ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సగటున గంటకి 20 కిలోమీటర్ల వేగంతో 1,20,000 కిలోమీటర్లు తిరిగిన కారు ఇంజన్ 6,000 గంటలు పనిచేసినట్టు. అదే దూరం హైవే మీద సగటున 60తో తిరిగితే 2,000 గంటలే. కర్నూలు నుంచి హైదరాబాదుకి వారం వారం తిరిగిన లక్షన్నర, వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి తిరిగిన లక్షన్నర ఒకటి కావు. "మా తమ్ముడి కారు రెండున్నర లక్షలు తిరిగింది, చైన్ ముట్టుకోలేదు" అని ఎవరైనా అంటే, ఆ తమ్ముడు ఏ రోడ్డు మీద తిప్పాడో అడగండి.

ఆయిల్ చరిత్ర. చైన్ సాగుతుందంటారు గానీ ఇనుము సాగదు. ప్రతి లింకులోనూ పిన్ను, దాని బుష్ కొద్దికొద్దిగా అరుగుతాయి. ఒక్కో లింకులో వెంట్రుకవాసి అరుగుదల అన్ని లింకులకీ కలిపితే చైన్ పొడవు పెరుగుతుంది. అరగదీసేది ఆయిల్‌లో కలిసిన డీజిల్ మసి. సమయానికి ఆయిల్ మార్చిన ఇంజన్‌లో చైన్ చాలాకాలం వస్తుంది. 1.3 డీజిల్‌లో పట్టే ఆయిలే సుమారు మూడు లీటర్లు, అందులో ముప్పావు లీటరు తగ్గినా తేడా కొడుతుంది. చైన్‌ని బిగించి పట్టే టెన్షనర్ కూడా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. 15,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చిన కారైతే, మీటరు మీద లక్షే ఉన్నా దాన్ని ఎక్కువ తిరిగిన ఇంజన్ కిందే లెక్క వేయండి.

ఎన్నాళ్లు ఉంచుకుంటారు. పదేళ్లు దాటిన డీజిల్ కారు నడపకూడదన్న గొడవ ఢిల్లీ పరిసరాలది, కర్ణాటకలో అది లేదు. ఇక్కడ 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కారుకి ఆ ఫీజు 5,000 రూపాయలైంది, దాని మీద గ్రీన్ ట్యాక్స్. మీ బండి ఇంకా ఆంధ్రా, తెలంగాణ నంబరు మీదే ఉంటే ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కూడా లెక్కలోకి వస్తాయి. ఇంకో ఏడాదిలో అమ్మేయాలనుకున్నవాళ్లకీ, ఆరేళ్లు నడపాలనుకున్నవాళ్లకీ ఒకే సలహా సరిపోదు.

## శబ్దం నిజంగా టైమింగ్ దగ్గర నుంచే వస్తోందా

డబ్బు వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

రాత్రంతా ఆగిన కారులో టెన్షనర్‌లోని ఆయిల్ కిందికి దిగిపోతుంది. స్టార్ట్ చేయగానే ఆయిల్ ఒత్తిడి ఎక్కేదాకా చైన్ వదులుగా ఉండి, దాన్ని దారిలో పట్టి ఉంచే గైడ్లకి తగులుతుంది. ఒక సెకను వినిపించి ఆగిపోతే కంగారు పడక్కర్లేదు, ఆయిల్ లెవెల్ చూసి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. నెల నెలా ఆ సెకను మూడైతే, అయిదైతే టెన్షనర్ గానీ చైన్ గానీ చివరికొస్తోందని అర్థం. ఇంజన్ వేడెక్కాక కూడా ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు, గలగల ఆగకపోతే ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. బండి నడపకుండా ఆ వారంలోనే విప్పించండి.

ఇక చైన్ శబ్దమేమో అనిపించి తప్పుదారి పట్టించే శబ్దాలు. ఐడిల్‌లో క్లచ్ తొక్కి పట్టుకుంటే శబ్దం మారిందా? అయితే అది గేర్‌బాక్స్ బేరింగో, ఫ్లైవీలో, క్లచ్చో. బయటి బెల్ట్, అంటే ఆల్టర్నేటర్ తిప్పే బెల్ట్, తీసేసి పావు నిమిషం నడిపితే శబ్దం పోయిందా? అయితే ఆల్టర్నేటర్ పుల్లీయో, ఏసీ కంప్రెసరో. ఇంజెక్టర్ చప్పుడు టకటకమని తాళం తప్పకుండా వస్తుంది. చైన్ చప్పుడు అలా ఉండదు, చిల్లర గలగల్లాడినట్టు ఉంటుంది. మంచి మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్ టైమింగ్ కవర్ మీద, ఇంకో కొస చెవికి ఆనించి వింటాడు. అది చేయకుండానే బానెట్ దగ్గర నిలబడి "చైన్ పోయింది" అన్నవాడికి బండి ఇవ్వకండి.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. పీ0016 కోడ్ వస్తే క్యామ్, క్రాంక్ సెన్సర్ల లెక్క ఒకదానితో ఒకటి కలవడం లేదని అర్థం. సెన్సర్ పాడైనా, వైరు తెగినా అదే కోడ్ రావొచ్చు, అందుకని కోడ్ ఒక్కటే పట్టుకుని ఇంజన్ విప్పించకండి. పొద్దుటి గలగలా ఉండి, ఆ కోడ్ కూడా ఉంటే మాత్రం గట్టి ఆధారమే. ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్ కోయించి చూడండి. మడతల్లో మెరిసే పొడి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో నల్లటి ప్లాస్టిక్ ముక్కలు కనబడితే గైడ్లు అరుగుతున్నాయి.

బెల్ట్ సంగతి వేరు. అది ముందుగా హెచ్చరించదు. కవర్ తీసి చూస్తే పగుళ్లు, అంచులు పీచులు పీచులుగా లేవడం, ఆయిల్ తడి కనబడితే వెంటనే మార్చాలి. కానీ ఇవేవీ లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు, పైకి నున్నగా ఉన్న బెల్టే ఒక రోజు పళ్లు రాల్చుకుంటుంది. అందుకే బెల్ట్‌కి మాన్యువల్‌లో కిలోమీటర్లు, ఏళ్లు రెండూ రాసి ఉంటాయి. ఏది ముందొస్తే అదే.

## ఎదురుగా ఉన్న దారులు

### ఏమీ మార్చకుండా కనిపెట్టుకుని ఉండటం

ఇది చైన్ కార్లకి మాత్రమే. శబ్దం లేదు, కోడ్ లేదు, ఆయిల్ బిల్లులన్నీ ఉన్నాయి, మీటరు మీద మాత్రం రెండు లక్షలు ఉంది అంటే నా దృష్టిలో చైన్ ముట్టుకోవద్దు. మంచి ఇంజన్‌ని అంకె చూసి విప్పితే బాగుపడేకన్నా కొత్త ఆయిల్ లీకు మొదలయ్యే అవకాశమే ఎక్కువ. టైమింగ్ కవర్ సీలెంట్ పెట్టి అతికిస్తారు. తొందరపడి ఆరకముందే స్టార్ట్ చేస్తే అక్కడినుంచి చెమ్మ మొదలవుతుంది. ఈ దారి ఎంచుకుంటే ఆయిల్ మార్పిడి 7,500 కిలోమీటర్లకి కుదించండి, రెండు వారాలకోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి, పొద్దుటి స్టార్టింగ్ చప్పుడు మూడు నెలలకోసారి రికార్డు చేయండి. ఇవి చేసే ఓపిక లేకపోతే ఈ దారి మీది కాదు.

బెల్ట్ కారుకి ఈ దారే లేదు. గడువు దాటిందంటే మార్చడమే.

### చెడిన ముక్క ఒక్కటే మార్చడం

చౌకగా అయిపోతుందని అందరం ఇటే మొగ్గుతాం. నాకు టెన్షనర్ ఒక్కటే మార్చడానికి 4,500 చెప్పారు. టెన్షనర్ బయటినుంచి అందే ఇంజన్లలో, చైన్ కొలత బాగున్నప్పుడు, ఇది సరైన పనే. కానీ చైన్ అరిగి టెన్షనర్ చివరిదాకా బయటికొచ్చి ఉంటే కొత్త టెన్షనర్ కూడా కొన్నాళ్లకి అదే స్థితికొస్తుంది. శబ్దం తగ్గుతుంది, లోపలి చైన్ అలాగే ఉంటుంది. వినబడాల్సిన హెచ్చరికను మనమే డబ్బిచ్చి ఆపినట్టవుతుంది.

బెల్ట్ కార్లలో ముక్క మార్పిడి ఇంకా ప్రమాదం. దీనికి సాక్ష్యం మా బావ కారే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బెల్ట్ కారు, బెల్ట్ మార్చామని అమ్మినాయన చెప్పాడు. నిజమే, మార్చారు, బెల్ట్ ఒక్కటే. నీళ్ల పంపు పాతదే వదిలేశారు. 1,32,000 దగ్గర, అనంతపురం పోతుండగా పెనుకొండ దాటాక ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోయింది. తాళం తిప్పితే ఎప్పటి బరువు లేకుండా గిర్రున తిరిగింది. ఏమీ తోచక మరో రెండుసార్లు తిప్పాడు. ఫ్లాట్‌బెడ్ మీద బెంగళూరు తెచ్చి విప్పితే పంపు బేరింగ్ బిగుసుకుపోయి ఉంది, దాని మీద రాసుకుని బెల్ట్ పళ్లు ఒక వరసంతా ఊడిపోయాయి. ఎనిమిది వాల్వులు వంగాయి. బిల్లు 92,000. అప్పట్లో పంపు మార్చి ఉంటే అయ్యేది మూడున్నర వేలు.

నడుస్తూ నడుస్తూ ఇంజన్ అలా ఆగి, తాళం తిప్పితే తేలిగ్గా తిరుగుతుంటే మళ్లీ తిప్పకండి. తిప్పిన ప్రతిసారీ లోపల నష్టం పెరుగుతుంది. తోసి స్టార్ట్ చేయడం అసలే వద్దు.

### కిట్ మొత్తం మార్చడం

చైన్ కిట్ అంటే చైన్, కదిలే గైడు, కదలని గైడు, టెన్షనర్, క్రాంక్ పళ్లచక్రం, క్యామ్ పళ్లచక్రం. దానితో పాటు ముందు ఆయిల్ సీల్, కొత్త ఆయిల్, ఫిల్టర్. బెల్ట్ కిట్ అంటే బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు. టైమింగ్ బెల్టే పంపుని తిప్పే ఇంజన్లలో నీళ్ల పంపు, కొత్త కూలెంట్ తప్పనిసరి. టీడీఐ, డీసీఐ, టీడీసీఐ మూడింటిలోనూ పంపు అలాగే తిరుగుతుంది. క్యామ్ సీల్ దగ్గర చెమ్మ ఉంటే అదీ మార్చాలి, ఎందుకంటే ఆయిల్ పడ్డ రబ్బరు నిలవదు.

నేను చివరికి ఇదే చేయించాను. బయటి గ్యారేజీలో 17,800 అయింది, కంపెనీ సర్వీసులో దాదాపు 26,000 చెప్పారు. విప్పిన రోజు నన్ను పిలిచి చూపించారు. మెకానిక్‌ది మదనపల్లి. పాత న్యూస్ పేపర్ పరిచి దాని మీద పాత చైన్, కొత్త చైన్ పక్కపక్కన పెట్టాడు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. "ఇప్పుడు చూడన్నా" అని కొత్త చైన్‌ని పక్కకి తిప్పి రెండు కొసలు పట్టుకుని గాల్లో అడ్డంగా ఎత్తాడు, కర్రలా దాదాపు తిన్నగా నిలిచింది. పాతదాన్ని అలాగే ఎత్తితే విల్లులా వంగి మధ్యలో వేలాడింది. గైడు చేతికిచ్చాడు. చైన్ రాసుకునే ముఖం మీద రెండు గాడులు, వేలి గోరు దిగేంత లోతు. టెన్షనర్ పిన్ను బయటికి రావాల్సినంతా వచ్చేసింది, ఇంక రెండు మిల్లీమీటర్లు కూడా మిగల్లేదు. టెన్షనర్ ఒక్కటి చాలన్న సలహా విని ఉంటే నా గతేమయ్యేదో అప్పుడు కళ్లకు కట్టింది.

కిట్ మార్చినందుకు కారు అమ్మకం ధర ఏమీ పెరగదని గుర్తుంచుకోండి. బిల్లు చూపిస్తే తొందరగా అమ్ముడుపోతుంది, అంతవరకే.

### కిట్‌తో పాటు ఇంకా ఇంకా

"ఎలాగూ విప్పాం కదా సార్" అనే మాటతో బిల్లు రెట్టింపవుతుంది. కొన్ని నిజంగానే కలిపి చేయించాలి: సీళ్లు, ఇంజన్ మౌంట్ చీలి ఉంటే అది, బయటి బెల్ట్. క్లచ్ విషయంలో మాత్రం జాగ్రత్త. మనం నడిపే చిన్న కార్లలో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, టైమింగ్ ఒక వైపు, క్లచ్ ఇంకో వైపు. లేబర్ కలిసొస్తుందన్న మాట అక్కడ నిజం కాదు, గేర్‌బాక్స్ విడిగా దించాల్సిందే. లేబర్ నిజంగా కలిసొచ్చే ఇంజన్లూ ఉన్నాయి. బీఎండబ్ల్యూ ఎన్47 2.0 డీజిల్‌లో చైన్ గేర్‌బాక్స్ వైపున ఉంటుంది. దానికి ఇంజన్ గానీ గేర్‌బాక్స్ గానీ దించక తప్పదు కాబట్టి క్లచ్ గానీ, వెనక ఆయిల్ సీల్ గానీ అప్పుడే చూసుకోవడం తెలివైన పని.

### మార్చకుండా అమ్మేయడం

చైన్ గలగలంటోందని చెప్పి, తగ్గించి అమ్మడం గౌరవమైన దారే. చెప్పకుండా మందపాటి ఆయిల్ పోసి శబ్దం అణిచి అమ్మడం మాత్రం దయచేసి చేయకండి. కొన్నవాడు పిల్లల్ని ఎక్కించుకుని పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతుండగా ఇంజన్ ఆగిందనుకోండి. ఇంజన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు రెండు మూడు తొక్కుల తర్వాత రాయిలా అవుతుంది.

నష్టం కోణంలోనూ చూడండి. నా కారుకి పాత కార్ల వ్యాపారి 2,20,000 అన్నాడు, శబ్దం విన్నాక 1,75,000కి దిగాడు. 18 వేల పనికి 45 వేలు కోసేశాడు. వెంటనే అమ్మేవాళ్లకి కూడా, ఇంజన్ మిగతా అంతా బాగుంటే, బాగు చేయించి అమ్మడమే మేలు కావొచ్చు. టర్బో ఆయిల్ తాగుతోంది, ఇంజెక్టర్లు పోతున్నాయి, సస్పెన్షన్ పని ఉంది అనే కారు వేరు. అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పి వదిలించుకోండి.

## ఎవరికి ఏది

| మీ పరిస్థితి | నా మాట |
|---|---|
| బెల్ట్ కారు, గడువు దగ్గరపడింది లేదా దాటింది | పంపుతో సహా పూర్తి కిట్, వాయిదా వద్దు |
| బెల్ట్ కారు, ఎప్పుడు మార్చారో బిల్లు లేదు | మార్చలేదనే అనుకుని మార్చండి |
| చైన్ కారు, శబ్దం లేదు, ఆయిల్ బిల్లులున్నాయి | ముట్టుకోకండి, కనిపెట్టుకుని ఉండండి |
| చైన్ కారు, పొద్దున శబ్దం నెలనెలా పెరుగుతోంది | విప్పి కొలిచి, పూర్తి కిట్ |
| చైన్ కారు, వేడి మీదా శబ్దం, లేదా పొద్దుటి శబ్దంతో పాటు పీ0016 | నడపకండి, ఎక్కించి తీసుకెళ్లండి |

సెకండ్ హ్యాండ్ కొంటున్నవాళ్లు. బెల్ట్ కారైతే కిట్ ఖర్చు మొదటిరోజే ధరలోంచి తగ్గించి బేరమాడండి. "మొన్నే మార్చాం" అన్న మాటకి విలువ లేదు, భాగాల పేర్లు విడివిడిగా రాసిన బిల్లుకే విలువ. అందులో నీళ్ల పంపు ఉందో లేదో చూడండి. చైన్ కారు చూడ్డానికి వెళ్తే పొద్దున్నే వెళ్లండి, మీరొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

ఎక్కువ తిరగని కార్లు. మనవాళ్లలో ఇది చాలా మామూలు. బెంగళూరులో కొత్త కారు కొనుక్కుని పాతది అనంతపురంలోనో, తిరుపతిలోనో అమ్మానాన్నల దగ్గర ఉంచుతాం. తొమ్మిదేళ్లలో 48,000 కిలోమీటర్లు. "ఇంకా యాభై వేలు కూడా కాలేదు, అప్పుడే బెల్టేంటి రా" అంటారు నాన్న. తిరగకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, ఎండకు నిలబడే బండిలో ఇంకా తొందరగా. నలభై దాటే ఎండల్లో ఆస్పత్రికని బయల్దేరిన పెద్దవాళ్లు దారిలో ఆగిపోకూడదు. ఈ కారుకి బెల్ట్ ముందు మార్చండి, మీది తర్వాత చూసుకోండి.

క్యాబ్ నడిపేవాళ్లు. మూడు లక్షలు దాటిన చైన్ బండికి నా నియమం కొంచెం మారుతుంది. రోజుకి పన్నెండు గంటలు నడిచే బండి దారిలో ఆగితే రిపేరు ఖర్చుతో పాటు పదిహేను రోజుల సంపాదన, ఈఎంఐ అన్నీ మీద పడతాయి. శబ్దం మొదలైన మొదటి నెలలోనే, బేరాలు తక్కువుండే రోజులు చూసుకుని, రెండు మూడు రోజులు బండి ఆపి పని కానివ్వండి. పాత ఇన్నోవా బెల్ట్ బండికి డ్యాష్‌బోర్డులో టీ-బెల్ట్ అని లైటు ఉంటుంది. బెల్ట్ మార్చకుండా ఆ లైటు మాత్రం రీసెట్ చేయించిన బండ్లు మార్కెట్లో తిరుగుతున్నాయి, పాతది కొంటే దాన్ని నమ్మకండి.

15 ఏళ్లు దగ్గరపడినవాళ్లు. రెన్యూవల్ చేయించాలని నిర్ణయించుకున్నాకే కిట్ గురించి ఆలోచించండి. అడుగు భాగం తుప్పు, ఎఫ్‌సీకి కావాల్సిన పనులు ముందు లెక్క కట్టించి, అవన్నీ గిట్టుబాటైతేనే ఇంజన్ విప్పించండి.

## ఎక్కడ, ఏ భాగాలతో

చాలామటుకు ఈ డీజిల్ ఇంజన్లు 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలతో ఆగిపోయాయి. స్విఫ్ట్, డిజైర్‌లతో మారుతి డీజిల్‌కి అప్పుడే స్వస్తి చెప్పింది, డస్టర్, పోలో డీజిళ్లూ అంతే. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నామని ప్రకటించింది. సర్వీసు, భాగాలు దొరుకుతున్నాయి గానీ కొన్నింటికి ఎదురుచూడాలి. కిట్ చేతికొచ్చాకే ఇంజన్ విప్పించండి, విప్పి పెట్టుకుని భాగాల కోసం రెండు వారాలు కూర్చోకండి.

కంపెనీ పేరు మీద వచ్చే డబ్బా ఒక దారి. ఐఎన్‌ఏ, గేట్స్, కాంటీటెక్, డేకో, ఎస్‌కేఎఫ్ లాంటి పేరున్న తయారీదారుల కిట్ ఇంకో దారి. రెండూ మంచివే. జేసీ రోడ్డులో అన్నీ దొరుకుతాయి, అచ్చు అలాంటి డబ్బాల్లో నకిలీవి కూడా. సగం ధరకి ఇస్తున్నాడంటే వెనక్కి రండి. జీఎస్‌టీ బిల్లు ఇవ్వనంటే కొనకండి. శివాజీనగర్ గుజరీలో పాత ఇంజన్ నుంచి తీసిన చైన్, టెన్షనర్ వంద రూపాయలకిచ్చినా వద్దు.

గ్యారేజీని ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఇంజన్‌కి టైమింగ్ లాక్ టూల్స్ ఉన్నాయా? క్రాంక్, క్యామ్ కదలకుండా పట్టే పిన్నులవి. ఉంటే చూపిస్తారు. "వైట్‌నర్‌తో మార్క్ పెట్టి చేసేస్తాం" అంటే థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి. పని అయ్యాక స్టార్ట్ చేసేముందు క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ సరిగ్గా దిగుతున్నాయో చూడాలి. నా కారు దగ్గర ఆ పని అవుతున్నప్పుడు పక్కనే నిలబడ్డాను, రెండో చుట్టు పూర్తయ్యి పిన్ను టక్కున దిగింది. అప్పుడే కవర్ మూశారు. సీలెంట్ ఆరడానికి రాత్రంతా వదిలేసి మర్నాడు స్టార్ట్ చేశారు.

పాత భాగాలు అడిగి తెచ్చుకోండి. కిలోమీటర్లు, తేదీ, మార్చిన భాగాల పేర్లు స్టిక్కర్ మీద రాసి టైమింగ్ కవర్ దగ్గర అతికించమనండి. నా కారు స్టిక్కర్ మీద 1,86,420 అని ఉంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక కవర్ చుట్టూ టార్చి వేసి చెమ్మ ఉందేమో చూశాను, పొడిగానే ఉంది. ఆయిల్ మాత్రం ఆ వెయ్యి దగ్గరే ఇంకోసారి మార్పించాను, విప్పినప్పుడు లోపల పడ్డ మురికి ఏదైనా ఉంటే దాంతోపాటే పోతుందని.